సంపులో ముందే ఉన్న నీళ్లు

సంపులో నల్లా నీళ్లు పడే చప్పుడు వింటే ఇప్పటికీ నాకు పరీక్ష హాలు గుర్తొస్తుంది. డిగ్రీ లెక్కల పేపరుకు అది నా ఆఖరి అవకాశం. అప్పటికే రెండుసార్లు తప్పాను. ఈసారీ పోతే డిగ్రీ ఉండదు, ఆశపడ్డ పత్రికా ఉద్యోగమూ ఉండదు. వచ్చింది రాసేసి, గంట కొట్టకముందే లేచి పేపరు ఇవ్వబోయాను. కాపలాకు రావలసినవాళ్లు రాక, ఆ రోజు మా హాలుకు ఎస్తేరు మేడాన్ని వేశారు. ఆమె చెయ్యి చాపలేదు.

"ఇంకా టైముంది. కూర్చో."

"అయిపోయింది మేడం."

"అయితే గోడ చూస్తూ కూర్చో. గోడను చూడ్డానికి టికెట్టేం లేదు."

వెనక బల్లల్లో నవ్వులు. సిగ్గుపడుతూ వెళ్లి కూర్చున్నాను.

మేడం గుడివాడ వైపు నుంచి వచ్చి మా యూనివర్సిటీలో లెక్కలు చెప్పేవారు. పరీక్షలో పక్కకు చూసినవాణ్ణి క్షమించని మనిషి. కళ్లజోడు లేనిదే అక్షరం కనపడదు, అయినా మాట్లాడాల్సి వస్తే దాన్ని తీసి బల్ల మీద పెట్టడం అలవాటు. నేను రెండోసారి తప్పినప్పుడు వరండాలో ఆపి, "రేపు పొద్దున్నే మా ఇంటికి రా, కొళాయి వచ్చే వేళకి" అన్నారు. నేనుండేది మాణికేశ్వర్ నగర్‌లో. అక్కణ్ణుంచి క్యాంపస్‌లో అడ్డంగా నడిచి తార్నాకలో చర్చి వెనక సందుకు చేరేవాణ్ణి. వాకిట్లో నేలలోకి కట్టిన సంపు పక్కన రెండు పీటలు వేసి ఉండేవి. అదే మా తరగతి.

నీళ్లు మొదట జోరుగా వచ్చి, రానురాను సన్నబడేవి.

"ధార ఏమవుతోంది అబ్బాయ్?"

"తగ్గుతున్నది మేడం."

"మరి సంపులో నీళ్లు?"

"అవి గూడ తగ్గుతున్నయ్."

"మూత తియ్యి."

తీశాను. నీళ్లు పైకి వస్తూనే ఉన్నాయి. "ఏంది మేడం, గిట్లున్నది!"

"సన్నగా వచ్చినా లోపలికే కదా వచ్చేది!"

కాలాన్ని సన్నగా తరిగి, ఒక్కో ముక్కలో ధార వేగం ఎంతో చూసి, ఆ ముక్కతో గుణించి, అన్నీ కూడితే వచ్చిన నీళ్ల మొత్తం తేలుతుంది. ముక్కలు ఎంత సన్నబడితే లెక్క అంత నిజానికి దగ్గరవుతుంది. నిశ్చిత సమాకలని, అదే డెఫినిట్ ఇంటిగ్రల్, అంటే ఇదేనని, పుస్తకంలో రెండేళ్లు చదివినా అర్థం కానిది, నాకు ఆ పీట మీద అర్థమైంది. కొన్నాళ్లకు నేనే లెక్క కట్టి, సంపులో మూడు వందల లీటర్లున్నాయని గొప్పగా చెప్పాను.

"అవి ఇప్పుడొచ్చినవి. రాత్రి నుంచి ఉన్నవి నువ్వు తాగేశావా?"

సమాకలని చెప్పేది మార్పు ఒక్కటే. మొదట ఎంత ఉందో విడిగా తెలుసుకోవాలి.

ఆ రోజు హాల్లో గోడ చూసి చూసి విసుగొచ్చి, ప్రశ్నపత్రం మళ్లీ తీశాను. ట్యాంకు లెక్కలో, వచ్చిన నీళ్లకు మాత్రమే లెక్క కట్టి వదిలేశాను. ముందే కొన్ని నీళ్లున్నాయని మొదటి వాక్యంలోనే ఉంది. కలిపాను. ఆ ఊపులో, రావని వదిలేసిన మరో రెండు లెక్కలూ పట్టుకున్నాను. గంట కొట్టేదాకా లేవలేదు. బొటాబొటి మార్కులతో గట్టెక్కాను.

తర్వాత జీవితమంతా పత్రికలో గడిచింది. వానాకాలంలో జలాశయానికి వరద తగ్గింది కాబట్టి నీటిమట్టం పడిపోతోందని ఎవరైనా వార్త రాసుకొస్తే వెనక్కి పంపుతాను. తగ్గింది వస్తున్న నీళ్లా, ఉన్న నీళ్లా? మొదట ఎంత ఉన్నాయి? ఈ రెండూ తేలకుండా అచ్చుకు పంపను.

మేడం రిటైరయ్యాక ఒకసారి అడిగాను. "ఆ రోజు నా పేపర్ల తప్పు జూసిన్రా మేడం?"

"టీలో పంచదార ఎంత వెయ్యమంటావు?" అంటూ లోపలికి వెళ్లారు.

కిందటేడు ఆమె పోయారు. ఆ రోజు నేను పేపరు పట్టుకుని ఎదురుగా నిలబడ్డప్పుడు కళ్లజోడు ఆమె కళ్లకు ఉందో, బల్ల మీద ఉందో, ఎంత ఆలోచించినా నాకు గుర్తు రావడం లేదు.