పెద్దమ్మ వెనక జుట్టు

పోయిన మంగళవారం ఆఫీసులో ఉండగా కృష్ణానగర్‌లోని మా పాత ఇంటి ఓనరు ఫోన్ చేశారు. "మీ పెద్దమ్మ పొద్దున పోయిందమ్మా, నిద్రల్నే" అన్నారు. ఆవిడ నాకు చుట్టం కాదు. హైటెక్ సిటీ కొత్తగా లేచిన రోజుల్లో, తెనాలి నుంచి ఉద్యోగానికి వచ్చిన నేను మూడేళ్ళు అద్దెకున్న గదికి పక్క గదిలో ఉండేది. మొదటిరోజు ఆంటీ అని పిలిస్తే, ఆంటీ గీంటీ వద్దు, పెద్దమ్మ అనమంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఓనరుకి నేను ఆవిడ మనిషిగానే గుర్తున్నాను. ఆ గుర్తుకి నేను తగినదాన్నో కాదో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

పెద్దమ్మ సినిమాల్లో జనంలో నిలబడేది. ఏజెంటు కబురు పంపితే పట్టుచీర సంచిలో పెట్టుకుని ఫిల్మ్ నగర్ వెళ్ళేది. తెరమీద కొన్ని వందల పెళ్ళిళ్ళలో అక్షింతలు వేసింది గానీ ఒక్క మాట మాట్లాడింది లేదు. నల్లజుట్టు ఉన్నన్నాళ్ళే పెళ్ళి సీన్లకు పిలుస్తారని, తెల్లబడితే ఏజెంటు పేరు కూడా మర్చిపోతాడని ఆవిడకు భయం. అందుకే రెండు వారాలకోసారి ఆదివారం పొద్దున మా వరండాలో రంగు కార్యక్రమం జరిగేది.

మీలో ఇంట్లో తలకు రంగేసుకునేవాళ్ళు చాలామందే ఉంటారు. కానీ పెద్దమ్మంత భక్తిగా వేసుకునేవాళ్ళు ఉండరనుకుంటాను. ముందురోజే చెవి వెనక చుక్క పెట్టి దురద వస్తుందేమో చూసుకునేది. పాత నైటీ, నుదుటి చుట్టూ కొబ్బరినూనె, పాత పళ్ళ బ్రష్షు, సొట్టలు పడ్డ స్టీలు గిన్నె. పొడిని నీళ్ళతో కలిపి అట్లపిండిలా జారుతోందో లేదో బ్రష్షుతో ఎత్తి చూసేది. నేను తొందరపెడితే, "తొందరపడితె రంగు జుట్టుకు కాదు, నొసటికి అంటుకుంటది" అనేది. ముందు వైపు అద్దంలో చూసుకుంటూ తనే పెట్టుకునేది. వెనక వైపు మాత్రం చెయ్యి అందదని నాకు అప్పగించేది. మెడ వంచి కూర్చుంటే పాయలు విడదీసి నేను పెట్టేదాన్ని. నా అరచేతులు రెండ్రోజులు నల్లగా ఉండేవి, ఆఫీసులో కీబోర్డు మీద ఆ చేతులు పెట్టడానికి సిగ్గుపడేదాన్ని.

ఒకరోజు పెద్దమ్మ ఫిల్మ్ నగర్ నుంచి ఆటో దిగుతూనే నన్ను కేకేసింది. ఏదో సినిమాలో నాయనమ్మ వేషం, రెండు మాటలున్నాయట. జుట్టు మాత్రం నిజంగా తెల్లగా ఉండాలన్నారట. అంతే, గిన్నె, బ్రష్షు అటకెక్కాయి. నాలుగు నెలల్లో చెవుల దాకా తెల్లగా వచ్చింది, కింద మిగిలినదంతా పాత రంగు వెలిసి ఇటుక రంగు. సినిమా కంపెనీవాళ్ళు ఆ తెల్లతల చూసి ఫొటో కూడా తీసుకున్నారు. కింది ఎర్రది ముడిలో దాచుకుంటానంది. ఇక ఆ రెండు మాటలు నా చేత దిద్దించుకునేది. 'వచ్చినవా' కాదు 'వచ్చావా' అని నేను పంతులమ్మలా సరిచేసేదాన్ని. నేను ఆఫీసు నుంచి మెట్లెక్కుతుంటే చాలు, తలుపు తీసి ఆ మాటలే చెప్పేది: "వచ్చావా నాయనా? ఎండనపడి వచ్చావు, ముందు మంచినీళ్ళు తాగు." చెప్పి నా మొహం వైపు చూసేది, ఎలా ఉందని.

సరిగ్గా అప్పుడే నాకు పెళ్ళిచూపులు వచ్చిపడ్డాయి. అమ్మకు ఒంట్లో బాగాలేక నాన్న ఒక్కరే తెనాలి నుంచి నా గదికి వస్తున్నారు. పెద్ద దిక్కుగా పెద్దమ్మ ఉండి కాఫీలు అందిస్తుందనుకున్నాం. కానీ ఆ రెండు రంగుల తల చూసి అబ్బాయివాళ్ళు ఏమనుకుంటారోనని నాకు నామోషీ. అవును, నామోషీయే, ఇప్పుడు దాచి లాభమేముంది? కొత్తగా తెరిచిన పెద్ద షాపు నుంచి మంచి క్రీము రంగు డబ్బా కొని తెచ్చాను. షూటింగు రోజు పౌడరు కొట్టి మళ్ళీ తెల్లగా చేసేస్తారు, మేకప్‌వాళ్ళు ఉన్నది ఎందుకని దబాయించాను. కంప్యూటర్లో తప్పు పడితే ఒక్క మీట నొక్కి వెనక్కి తెచ్చుకునే ఉద్యోగం నాది. లోకమంతా అలాగే ఉంటుందనుకున్నాను.

పెద్దమ్మ కాసేపు డబ్బా మీది బొమ్మ చూస్తూ నిలబడింది. "నీ పెండ్లి ముచ్చట గదా బిడ్డా. పెట్టు" అని పీట వాల్చుకుంది. ఆరోజు ముందూ వెనకా మొత్తం నేనే పెట్టాను. ఒక్క తెల్ల వెంట్రుక మిగలకుండా.

అబ్బాయివాళ్ళు వచ్చారు, నేను పనిచేసే కంపెనీ ఎన్నాళ్ళుంటుందని నాన్నని అడిగారు, వెళ్ళిపోయారు. మళ్ళీ కబురు లేదు. పెద్దమ్మ తల వైపు వాళ్ళు చూడనైనా చూడలేదు.

ఆ తర్వాత నాలుగో రోజే షూటింగు. సాయంత్రం పెద్దమ్మ వరండాలో చెప్పులు విడుస్తూ తనే చెప్పింది. "డైరెక్టరు ఫొటో చూసి నా దిక్కు చూసిండు. ఈ ముసలామె ఏదని అడిగిండు. నేనే అంటే నవ్విండు." జూనియర్ ఆర్టిస్టు తలకోసం ఎవరు కూర్చుంటారు? పౌడరు కొట్టి చూస్తే బూడిద పోసినట్టుందట. ఆ మాటలు ఇంకొకావిడ చేత చెప్పించి, ఉత్తచేతులతో పంపడం ఎందుకని పెద్దమ్మను జనంలో నిలబెట్టారట.

నేను కిందికి పరుగెత్తి షాంపూ, నిమ్మకాయలు తెచ్చాను, ఎలాగైనా వదిలిస్తానని. పెద్దమ్మ నా చేతిలోంచి అవి తీసి పక్కన పెట్టింది. "కడిగితె పోదు బిడ్డా. పెరిగితెనే పోతది" అంది. కోపంగా అన్నా బాగుండేది. తప్పయిపోయింది పెద్దమ్మా అని అప్పుడే అనాల్సింది. ఇంకో సినిమా వస్తుందిలే అన్నాను. రాలేదు. నేను మెట్లెక్కుతుంటే ఆ మాటలు చెప్పడం కూడా మానేసింది.

తర్వాత నేను కొండాపూర్ మారిపోయాను, పెళ్ళయింది, పనిలో పడ్డాను. కిందటేడు ఒకసారి వెళ్ళాను. కింద ఆఫీసు క్యాబ్ ఆగి ఉంది. పెద్దమ్మ మంచినీళ్ళు తేవడానికి వెనక్కి తిరిగినప్పుడు చూశాను. ముందంతా నల్లగా ఉంది, వెనక మాత్రం నడినెత్తి నుంచి మెడ దాకా తెల్లగా ఉంది. పెట్టేవాళ్ళు లేరు. ఈసారి ఆదివారం వచ్చి పెడతాను పెద్దమ్మా అన్నాను. సరే బిడ్డా అంది. ఏడాదిలో యాభై ఆదివారాలు వచ్చాయి, నేను వెళ్ళలేదు.

మొన్న ఆవిడ అంత్యక్రియల నుంచి ఇంటికి వచ్చాక టీవీ తిప్పుతుంటే ఆ సినిమా వస్తోంది. ఎవరో ఒకావిడ పెళ్ళింటి తలుపు తీసి, "వచ్చావా నాయనా?" అంటోంది. బాగానే చెప్పింది. ఆవిడకు ఇవతల, పెళ్ళి జనంలో, కెమెరాకి వీపు పెట్టి ఒక మనిషి నిలబడి ఉంది. మొహం కనపడలేదు. ఆ చీర నాకు తెలుసు. ఆ తల అంతకన్నా తెలుసు. ముడి కింద మెడ దాకా నల్లగా, ఎక్కడా ఒక్క తెల్ల వెంట్రుక లేకుండా.