టైలరమ్మ కట్టిన లైట్ల పందిరి

టైలరమ్మకి చిన్నప్పటి నుంచీ ఒక పిచ్చి ఉంది. ఏ వస్తువైనా సరే, లోపల ఏముందో చూడందే ఆమెకి నిద్ర పట్టదు. కుట్టు నేర్చుకోమని పిన్ని దగ్గరికి పంపిస్తే, కుట్టడం మానేసి పిన్ని కుట్టిన కోటొకటి విప్పుకుంటూ కూర్చుంది. కాలర్ అంత నిటారుగా నిలబడాలంటే లోపల ఏం పెట్టి ఉంటారో తేల్చుకోవాలట. పిన్ని చెవి మెలిపెట్టి, ఆ కోటు ఆమె చేతనే మళ్లీ కుట్టించింది. విప్పకముందు కంటే బాగా వచ్చిందని టైలరమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది. పిన్ని లేదు కాబట్టి కాదనేవాళ్లూ లేరు.

పెళ్లయి వచ్చాక కూడా ఆ బుద్ధి పోలేదు. గొడుగు, గోడ గడియారం, మిక్సీ, ఆమె చేతిలో పడి ముక్కలు కాని వస్తువు ఆ ఇంట్లో లేదు. మొగుడు కార్లకి రంగు కొట్టే పెయింటరు, మాట తక్కువ మనిషి. ఆమె అన్నీ బిగించేశాక మిగిలిపోయిన మరలు నేల మీద ఏరి డబ్బాలో వేసేవాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇలాంటి మొగుడు దొరకడం అదృష్టమని చుట్టాలంతా అనేవారు, ఆవిడ మాత్రం ఆయన నోరు విప్పితే ఇంకా అదృష్టం అనేది.

ఏళ్ల తరబడి రంగు పొగ పీల్చీ పీల్చీ ఆయన ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. కార్ల షెడ్డులో పని మాన్పించారు. ఉండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, మెట్లు దిగితే మళ్లీ ఎక్కలేడు. దాంతో తన మంచం ఉన్న లోపలి గదిలో, టైలరమ్మ మిషన్ ఉన్న కిటికీ దగ్గరే ఆయన మొక్కలు మొదలుపెట్టాడు. పుదీనా, రెండు కుండీల మిరప, పాత రంగు డబ్బాలో టమాటా. చెంచాతో కొలిచినట్టు నీళ్లు పోసేవాడు, ఆకుల మీద దుమ్ము మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. కారు తలుపుకి చేసిన సేవంతా మిరపాకుకి చేస్తున్నారని ఆవిడ వేళాకోళం ఆడేది.

అలా ఉండగా పక్క స్థలంలో కొత్త బిల్డింగు లేచింది. కిటికీలోంచి చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా గోడ వచ్చేసింది. నల్ల గుడ్డ మీద నల్ల దారంతో కుట్టేవాళ్లకి వెలుతురు లేకపోతే పని సాగదు. టైలరమ్మ మిషన్ని వీధి వైపున్న ముందు గదిలోకి మార్పించింది. ఆ తర్వాత ముందు పుదీనా పోయింది. మిరప ఆకులు పసుపెక్కాయి, టమాటా తీగ సాగి సాగి గోడ వైపు వాలిపోయింది.

మొక్కలతో పాటే ఆయనా వాలిపోయాడు. పొద్దున లేచి ముఖం కడుక్కుని, మళ్లీ మంచం ఎక్కేవాడు. పిలిస్తే తినేవాడు, పిలవకపోతే ఉలుకూ పలుకూ లేదు. నీళ్ల చెంచా ఎక్కడుందో కూడా పట్టించుకోలేదు. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి, "ఊపిరి పాతలాగే ఉందమ్మా, కానీ ఇలా పడుకునే ఉంటే ఉన్నదీ పోతుంది. ఇంట్లోనైనా తిరగాలి" అన్నాడు. మొక్కలు బతికితే ఈయన లేస్తాడు, లేకపోతే మంచానికి అంటుకుపోతాడని టైలరమ్మకి గట్టిగా అనిపించింది. మొక్కల్ని బతికించాలి, ఇంకో దారి లేదు.

మర్నాడే లైట్ల షాపుకి వెళ్లింది. ఎండ లేనిచోట మొక్కలు పెంచే ఎల్‌ఈడీ లైట్లు ఉంటాయని ఎక్కడో వింది. షాపాయన సన్నటి పొడుగాటి లైటు కడ్డీలు చూపించాడు. ఆవిడ కొనేసి వచ్చేస్తే షాపాయనకి ఆ పూట ప్రశాంతంగా గడిచేది.

"బల్బు వెలుతురు మొక్క ఎలా తింటుంది?" అని అడిగింది.

"ఎండనెలా తింటుందో అలాగేనమ్మా. ఎరుపూ నీలం బాగా తీసుకుంటుంది."

"ఆకుపచ్చ?"

"అది పెద్దగా వాడుకోదు. చాలావరకు తిరిగి వదిలేస్తుంది. అందుకే మన కంటికి పచ్చగా కనపడుతుంది."

టైలరమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "అంటే, మొక్క వద్దని వదిలేసినదాన్ని చూసి మనం ఎంత పచ్చగా ఉందో అని మురిసిపోతున్నామన్నమాట."

షాపాయన అలా ఎప్పుడూ ఆలోచించలేదట. ఆవిడ మాత్రం దారి పొడుగునా అదే ఆలోచించుకుంటూ, ఎదురైన ప్రతి చెట్టునీ అనుమానంగా చూస్తూ ఇంటికొచ్చింది. లైట్లు మొక్కకి దగ్గరగా వేలాడాలి, మరీ దగ్గరైతే ఆకు మాడుతుంది, మొక్క ఎదిగేకొద్దీ లైటు పైకి జరగాలి. వేలాడదీయడానికి ఒక ఫ్రేమ్ కావాలి.

మరిది అల్యూమినియం కిటికీలు బిగిస్తాడు, షాపు కింద వీధిలోనే. ఏ పని చెప్పినా రేపు చేస్తాననడం వల్ల అందరూ అతన్ని రేపు బాబు అంటారు. అతనూ ఆ పేరుకే పలుకుతాడు.

"రేపు చేసిస్తాలే వదినా. ఇదెంత పని" అన్నాడు.

"నీ రేపు వచ్చేలోపు మీ అన్నయ్య మిరప మొక్కలు చీపురుకి కూడా పనికిరావు. సామాను ఇయ్యి చాలు, నేనే చేసుకుంటా."

"నువ్వా?"

"గుడ్డ కోసే చెయ్యి గొట్టం కోయలేదా?"

అతను నవ్వి, కిటికీ పనుల్లో మిగిలిన చదరపు గొట్టాలూ, మూలల్లో బిగించే రేకు ముక్కలూ ముందు పడేశాడు. పొడి ఎగిరితే మొగుడికి దగ్గు తెరలు కమ్ముతాయని కోత పనంతా ఆ షాపులోనే పెట్టుకుంది. మెడలో కొలత టేపు, చేతిలో సుద్దముక్క. అల్యూమినియం మీద సుద్ద నిలవక జారిపోతుంటే, గుండుసూదితో గీతలు గీసుకుంది. మొదట్లో రంపం గీతని వదిలి ఎటో పోయింది. వేళ్లు బొబ్బలెక్కాయి. మెల్లిగా కిటుకు పట్టుబడింది, తొందరపడకుండా పొడుగ్గా లాగితే రంపమే కోసుకుపోతుంది. కోసిన అంచు ఇంత మెరుస్తుందేమిటని ప్రతి ముక్కనీ వెలుతుర్లో తిప్పి చూసుకుంది. ఆకురాయితో గరుకు అరగదీసింది. మధ్యలో బ్లౌజులు అడగడానికి వచ్చినవాళ్లని ఆ షాపు ముందు నుంచే పంపించేసింది.

అన్నీ కోశాక రివెట్లు కొట్టబోతున్న మరిదిని ఆపింది. "ఆగు. ట్రయల్ చూడకుండా పక్కా కుట్టు వెయ్యకూడదు."

గుడ్డ పీలికలతో మూలలన్నీ వదులుగా కట్టి, ఇద్దరూ మెట్లెక్కించి లోపలి గదిలోకి తెచ్చారు. కిటికీ గూట్లో పెట్టబోతే పట్టలేదు. అడ్డంగా తోసినా పట్టలేదు, నిలువుగా తోసినా పట్టలేదు. మరిది టేపు లాగి గూడు కొలిచాడు, గొట్టం కొలిచాడు, ఇంకోసారి గూడు కొలిచాడు.

"వదినా, ప్రతి ముక్కా రెండు వైపులా వేలెడు ఎక్కువ కోశావేంటి?"

"కుట్టుకి వదలాలిగా" అనేసింది టైలరమ్మ, మామూలుగా.

రేపు బాబు నేల మీద కూలబడి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "అల్యూమినియాన్ని మడిచి కుడతావా వదినా? కాజాలూ గుండీలూ కూడా పెడతావా?" టైలరమ్మకి చచ్చేంత సిగ్గేసింది. ఇన్నేళ్లుగా చెయ్యి తనంతట తానే వదిలే అంచు అది, కోసేటప్పుడు ఆలోచన దాకా రానేలేదు. ఆమె ఓరగా మంచం వైపు చూసింది. ఈ మాటకైనా ఆయన నవ్వుతాడేమో అనుకుంది. ఆయన పెదవి కొంచెం కదిలింది, అంతే, అటు తిరిగి పడుకున్నాడు.

"పొట్టిగా కోసి ఉంటే అతుకు వేసుకోవాల్సొచ్చేది. ఎక్కువుంటే కోసుకోవచ్చు" అని మరిది మీద విరుచుకుపడి, ముక్కలన్నీ తిరిగి కిందకి మోయించింది.

రెండోసారి కోశాక ఫ్రేమ్ గూట్లో సరిగ్గా కూర్చుంది. మరిది రివెట్లు కొట్టాడు, వైర్లు కూడా అతనే చూశాడు. లైట్లు గొలుసులతో వేలాడదీద్దామన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. స్కూలు సంచులకి కుట్టే పట్టీలూ, వాటిని పొడుగూ పొట్టీ చేసే బకిల్సూ తెచ్చి కట్టింది. మొక్క ఎదిగితే ఒక్క లాగు లాగితే చాలు, లైటు పైకి వెళ్లి ఆగుతుంది. రేపు బాబు నాలుగైదుసార్లు పైకీ కిందకీ లాగి చూశాడు. "ఇది నా షాపులో పెట్టుకుంటా వదినా" అన్నాడు. "ఎప్పుడు, రేపా?" అందామె.

ఇంకో ఎత్తు కూడా వేసింది. లైటుకి ఒక చివరి పట్టీని కావాలనే కొంచెం కిందకి వదిలింది. వంకర కనపడితే పెయింటరు ఊరుకోలేడు, లేచి సరిచేస్తాడని ఆశ. ఆయన చూశాడు. "ఆ చివర వంగింది" అన్నాడు. లేవలేదు.

వారాలు గడిచాయి. మిరప చిగురేసింది. టమాటా గోడని వదిలేసి నిలబడింది. ముందు గదిలో కుట్టుకుంటూ కుట్టుకుంటూ టైలరమ్మ రోజుకి ఎన్నిసార్లు లేచి వెళ్లి ఆకులు తిప్పి చూసేదో లెక్కలేదు. ఎరుపు ఎంత తిన్నావే, నీలం ఎంత తిన్నావే అని మొక్కని అడిగేది. తొలి పూత చూసి ఆమె మొక్కకి మొక్కినంత పని చేసింది. మంచం మీద మనిషిలో మాత్రం ఏ మార్పూ లేదు.

పూత వచ్చిన రోజు సాయంత్రం ఆమెకి కడుపు మండిపోయింది. మంచం పక్కన కూర్చుంది.

"ఏవండీ, మీ మొక్కలు బతికాయి. వేళ్లు బొబ్బలెక్కేలా గొట్టాలు కోశాను, మీ తమ్ముడి చేత నవ్వించుకున్నాను. ఒక్కసారి లేచి దగ్గరకెళ్లి చూడొచ్చుగా. అసలు మీకేం కావాలో చెప్పండి."

ఆయన చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "అవి నా మొక్కలు కాదు" అన్నాడు.

"మరెవరివి?"

"నువ్వు పొద్దస్తమానం తల దించుకుని కుట్టేదానివి. మెడ పట్టేసి ఎప్పుడైనా తల ఎత్తితే ఎదురుగా వట్టి ఊచలు. పచ్చగా ఏదైనా ఉంటే కళ్లకి బాగుంటుందని పెట్టా." కొంచెం ఆగాడు. "నువ్వు వాటిని చూసేదానివి. నేను ఇక్కణ్నుంచి నిన్ను చూసేవాణ్ని. నువ్వు ముందు గదికి పోయావు. ఇంక ఎవరి కోసం నీళ్లు పొయ్యను?"

టైలరమ్మ కాలర్ని అడిగింది, గడియారాన్ని అడిగింది, లైట్ల షాపాయన ప్రాణం తోడేసింది. ఈ మొక్కలు ఎందుకు పెట్టారని ఇంట్లో మనిషిని ఒక్కనాడూ అడగలేదు. ముసలాయనకి పొద్దుపోక అనుకుంది. ఆమెకి ఏడుపొచ్చింది, తుడుచుకోలేదు కూడా.

మర్నాడు రేపు బాబుని పైకి పిలిచి, మిషన్ మళ్లీ లోపలి గదిలోకి పట్టించమంది. రేపు అనబోయి, వదిన ముఖం చూసి మాట మింగేసి అప్పుడే పట్టాడు. కిటికీ దగ్గర చోటు చాలడం లేదు. అడ్డొస్తున్న కుండీలని ఎవరు జరపాలా అని ఇద్దరూ చేతులు ఖాళీ లేక నిలబడి ఉంటే, మంచం కిర్రుమంది. పెయింటరు గోడ పట్టుకుని, ఆగి ఆగి నడిచొచ్చి, మిరప కుండీని పక్కకి జరిపాడు. తర్వాత టమాటా డబ్బా. తర్వాత వంగిన లైటు పట్టీని ఒక లాగు లాగి సరిచేసి, కుర్చీ తెమ్మన్నాడు.

ఆ పూట మొక్కల లైటే కుట్టుకీ సరిపోయింది. మిషన్ మీదున్నది ఎవరిదో ప్యాంటు, కింది అంచు మడిచి కుట్టాలి. టైలరమ్మ జీవితంలో అంత వంకర కుట్టు ఎప్పుడూ కుట్టలేదు. అవసరం ఉన్నా లేకపోయినా మాటిమాటికీ తల ఎత్తుతూనే ఉంది.