తనకు తానే తాళం వేసుకున్న కారు

నిన్న షర్బత్ కోసం నిమ్మకాయ కోస్తుంటే ఆ పుల్లటి వాసనకు నా చెవిలో ‘ఠక్’ మని మోగింది. వాసన ముక్కుకు కాక చెవికి తగిలే మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను. మా ఇంట్లో వాళ్లు నా మాటల్లో సగం తీసేసి వింటారు. ఇందులో తీసేయడానికి ఏమీ లేదు, ఉన్నా కొంచెమే.

కరీంనగర్ దగ్గర మాది సాంచెల వాడ. కరెంటు మగ్గాలను మేం సాంచెలంటాం. తెల్లారగానే ప్రతి రేకుల షెడ్డులోంచీ మొదలయ్యే ఆ మోతకు గూట్లో గిన్నెలు వాటంతట అవే జరుగుతూ జరుగుతూ పక్కింటికి వెళ్లిపోయేవి, పిల్లలం సైగలతోనే కొట్లాడుకునేవాళ్లం, వానాకాలమైతే కాలుతున్న మక్కకంకుల పొగ, గిన్నెకు అంటుకుని మాడిన సర్వపిండి కమ్మదనం, గంజి పట్టించిన నూలు వాసన కలిసిపోయి ఏది తింటున్నామో ఏది కట్టుకున్నామో తెలిసేది కాదు. ఆ మోతలోనే మా చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడి, ఎడమ చెవి పోయింది. కుడి చెవైనా దక్కాలంటే షెడ్డులో అడుగు పెట్టొద్దని డాక్టరు చెప్పాడు. దాంతో ఆయన సాంచెలు అమ్మేసి, పెళ్లిళ్లకు కిరాయికి తిప్పుదామని ఒక పాత తెల్ల కారు తెచ్చాడు.

ఆ కారులో ఒక వింత ఉండేది. డ్రైవర్ తలుపుకు తాళం తిప్పితే మిగతా మూడు తలుపులూ ఎవరూ ముట్టకుండానే ‘ఠక్’ మని మూసుకునేవి. సెంట్రల్ లాక్ అంటారట. వాడంతా వచ్చి చూసింది. నేనైతే లోపల చిన్న చిన్న మనుషులు కూర్చుని ఒకరికొకరు కబురు చెప్పుకుంటారని నమ్మి, తలుపు సందులోంచి వాళ్లకు పుట్నాలు వేసేదాన్ని.

కొండగట్టు గుడికి తీసుకెళ్లి పూజ చేయించాక నాయినమ్మ ముందు బంపరుకు నిమ్మకాయ, మిరపకాయల దండ కట్టింది. నాలుగు కిరాయిలు తిరిగేసరికి చిన్నబాపు దాన్ని తెంపేశాడు.

“కిరాయోళ్లు నవ్వుతుండ్రు అవ్వా.”

నాయినమ్మ తెగిన దండను ఏరి కొంగున ముడేసుకుంది. ఆమె కొంగున ముడేసిందంటే ఏదో చేయబోతోందని మా అందరికీ తెలుసు.

శ్రావణం వచ్చింది, పెళ్లిళ్లు మొదలయ్యాయి, కారుకు పిచ్చి పట్టింది. గుంతలో పడితే ఠక్, తలుపు వేస్తే ఠక్, కాకి అరిచినా ఠక్. హుజూరాబాద్‌లో ఒక పెళ్లికొడుకు మండపం ముందు దిగబోతే నాలుగు తలుపులూ బిగుసుకున్నాయి. లాక్ పైకి లాగిన కొద్దీ మళ్లీ పడింది. ముహూర్తం దాటిపోతుంటే ఆయన్ని బాసింగంతో సహా కిటికీలోంచి కాళ్లు పట్టి లాగారు. ఆ తర్వాత ఆ కారులో ఏదో ఉందని, ఎక్కితే దించదని చుట్టుపక్కల ఊళ్లన్నీ అనుకున్నాయి. కిరాయిలు ఆగిపోయాయి.

“దసరాదాంక జూస్త. కాకుంటే కారు అమ్మి మల్ల సాంచె మీదనే నిలవడ్త,” అన్నాడు చిన్నబాపు. ఆయన కుడి చెవి వైపు చూసి నాయినమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మెకానిక్ రహీం మామను పిలిపించారు. ఆయన డ్రైవర్ తలుపు లోపలి అట్ట ఊడదీశాడు. నేను వెనక సీట్లోంచి తొంగిచూశాను. లోపల చిన్న మనుషులు లేరు. అంతకన్నా గొప్పది ఉంది: వేలెడంత మోటరు, అది గుంజే సన్నటి ఇనుప కడ్డీ, పడుగులో పోగుల్లా ఎర్రవీ పచ్చవీ నీలివీ తీగలు. తలుపు కడుపులో సాంచె! దాని అడుగున నా పుట్నాలు కూడా ఉన్నాయి. ఆయన వాటిని దులిపేశాడు.

మోటరుకు నేరుగా బ్యాటరీ తగిలిస్తే చక్కగా ఆడింది. ఫ్యూజు బాగుంది, తాళాలను నడిపే పెట్టె బాగుంది. రహీం మామ బీడీ ఆర్పేశాడు.

“భాయ్, తలుపు జర మెల్లగ తియ్యి. ఇంక మెల్లగ.”

చిన్నబాపు తీశాడు. సగం తెరుచుకోగానే ఠక్.

“గాడ ఆపు! రోగం మోటర్ల లేదు, తలుపుకు బండికి నడుమ ఉన్నది.”

తలుపు నుంచి బండిలోకి తీగలు వెళ్లేచోట నల్లటి రబ్బరు గొట్టం ఉంటుంది. ఆయన దాన్ని వంచితే అడుగున సన్నటి కోత కనిపించింది. లోపల వేలు పెట్టి లాగితే కుంకుమ పూసిన నిమ్మచెక్క వచ్చింది. దాని వెనక ఇంకొకటి, ఎండిపోయినవి మరికొన్ని. ఆ పుల్లటి రసం తగిలి తీగలు పచ్చగా చిలుం పట్టి, వాటి పైతొడుగు లేచి, తలుపు కదిలినప్పుడల్లా ఒకదానికొకటి అంటుకుంటున్నాయి.

అందరం నాయినమ్మ వైపు తిరిగాం.

“బయట కడ్తె నవ్వుతరంటివి గద కొడుకా,” అంది గుమ్మం పట్టుకుని. “ఎవ్వల కంట వడకుంట లోపట వెట్టిన. అమాసకమాస కొత్తది వెడ్తనే ఉన్న.” నూలు కోసే బ్లేడుతో ఆ గొట్టాన్ని కోసింది ఆమే.

రహీం మామ పడీ పడీ నవ్వాడు.

“ఓ అవ్వా, దిష్టి తాకలే గని నీ ప్రేమ తాకింది బండికి!”

పాడైన తీగలు కోసి కొత్త ముక్కలు అతికి, టేపు చుట్టి, కొత్త గొట్టం ఎక్కించాడు. వాడంతా చుట్టూ మూగింది. చిన్నబాపు తాళం తిప్పి కుడి చెవి కారుకు ఆనించాడు. ఠక్. తలుపు తెరిచి మూసి చూశాడు, లాక్ దానంతట అది పడలేదు. మళ్లీ తాళం తిప్పి చెవి ఆనించాడు, ఠక్ మనగానే ఆయన కళ్లు తడిశాయి. పక్క షెడ్డులో సాంచెల మోత హోరెత్తుతున్నా, ఆ చిన్న శబ్దం ఆయనకు వినిపించింది.

దసరా నుంచి ఆ కారు తీరిక లేకుండా తిరిగింది. నాయినమ్మ నిమ్మకాయ మళ్లీ బంపరు ముందుకే వచ్చింది, చిన్నబాపే కట్టాడు.

ఇప్పుడు మా వాడలో సాంచెలు చాలావరకు ఆగిపోయాయి. పగటిపూట పిచ్చుక అరుపు కూడా వినిపిస్తుంటే నాకు భయమేస్తుంది. నాయినమ్మ లేదు, రహీం మామ లేడు. నా కారుకు జబ్బు చేస్తే ఒక పరికరం తగిలించి తెర మీద చూసి చెబుతారు, తలుపు కడుపు ఎవరూ విప్పి చూపించరు. మొన్న చిన్నబాపును గుడికి తీసుకెళ్లి, దిగాక తాళంచెవి మీది మీట నొక్కాను. నాలుగడుగులు వేసినాయన ఆగి, కుడి చెవి కారు వైపు తిప్పాడు.

“వెనక ఎడమది సరిగ్గ వడలేదు బిడ్డా,” అన్నాడు.

వెళ్లి చూశాను. వెనక సీట్లో పడేసిన నా చున్నీ కొస ఆ తలుపులో ఇరుక్కుని ఉంది.