డాక్టరు గారి చూపుడు వేలు

మా ఆఫీసులో ఒక డాక్టరు గారుండేవారు. పల్లెల్లోని సర్కారు ఆసుపత్రులకి కొనమంటూ ఏ కొత్త మిషను వచ్చినా, చొక్కా చెయ్యి మడిచి, "ముందు నా మీద చూడండి" అనేవారు. అక్కడ గుమస్తానైన నాకు అది గొప్ప నిజాయితీగా కనిపించేది. ఆయన ఆరోగ్యం కూడా మిషన్లకి బాగా సహకరించేది.

సూది గుచ్చకుండా, వేలికి క్లిప్పు పెట్టి ఒంట్లో రక్తమెంతుందో చెప్పే మిషను అలాగే నెగ్గింది. కొనొచ్చని ఆయన సంతకం పెట్టేశాక, పనితీరు చూపిద్దామని అంతర్వేది దగ్గర ఒక పల్లెకి వెళ్లాం.

చేపలమ్మే ఒకావిడ నీరసంగా ఉందని వచ్చింది. ఏ వేలికి పెట్టినా మిషను నోరు విప్పలేదు. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని వెనక్కి దాచుకుంది.

"పొద్దుట్నుంచీ ఐసులో నానిన చేతులండి, కంపు కూడాను. మీ మిషను పాడైపోలేదు కదండీ?"

"దానికేం కాలేదమ్మా," అన్నారు డాక్టరు గారు, తలెత్తకుండా.

ఆవిడ మనసు కుదుటపడింది. ఆయనది పడలేదు. పాత పద్ధతిలో సూది గుచ్చి చూస్తే రక్తం బాగా తక్కువుంది.

దారంతా ఆయన తన వేలే చూసుకున్నారు. "నీడపట్టున పెరిగిన వేలయ్యా ఇది. దీన్ని చూసి సంతకం పెట్టాను," అన్నారు. ఎప్పుడూ ఏదో ఒక జోకు వేసే నేను కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూశాను.

మర్నాడే ఆ మిషను ఫైలు వెనక్కి తెప్పించారు.

తర్వాత ఇంకో మిషను వచ్చింది. ఆయన అలవాటుగా చెయ్యి మడవబోయి, ఆగి, బొత్తాం పెట్టేసుకున్నారు.

"జీపు తియ్యమనయ్యా. చేపల రేవుకెళ్దాం."