టెంకాయ చిప్ప కింద గుర్రాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే అనుమానం ఎక్కువ నాకే. పాలామె నీళ్లు కలిపిందని, పక్కింటి అక్క నా పలక మార్చేసిందని, చివరికి మా కోడిపెట్ట గుడ్డు పెట్టి నాకు కనపడకుండా దాస్తోందని కూడా అనుమానపడేదాన్ని. తొమ్మిదేళ్ల పిల్లకు ఇన్ని ఆరాలేమిటని అమ్మ తల కొట్టుకునేది. మా నాయన మాత్రం నేనేం చెప్పినా చెవి ఒగ్గి వినేవాడు. ఆయనదీ అదే జబ్బు.

కుందుర్పి వైపు మాది మెట్ట సేద్యం. ఆ ఏడు ఎదురుచూసి ఎదురుచూసి కళ్లు కాయలు కాశాక ఒకే ఒక మంచి వాన పడింది. మా ఎర్రనేలలో విత్తడానికి తగిన ఆ తడి పదును మూడు రోజులు నిలిస్తే గొప్ప. ఆలోపు వేరుశనగ విత్తకపోతే ఆ ఏడాది సేద్యం అంతటితో సరి. విత్తనం వేసే గొర్రు మా పెదనాయన ఇంట్లో ఉండేది. అన్నదమ్ములు భూములు పంచుకున్నారు గానీ గొర్రును పంచుకోలేదు. మా వంశంలో దానికొక పద్ధతి ఉండేది. తమ్ముడే అన్న ఇంటికి పోయి, గొర్రుకు పసుపూ కుంకుమా పెట్టి, భుజాన ఎత్తుకుని తెచ్చుకోవాలి. అడగడానికి తమ్ముడు రాకుండా అన్న తనంతట తాను పంపకూడదు.

వాన పడిన మర్నాడు తెల్లవారగానే మా చేని గట్టు దగ్గర పెదనాయన గడ్డపారతో కనిపించాడు. హద్దురాయి పక్కనే వంగి ఏదో పెకలిస్తున్నాడు. తంగేడు పొద చాటు నుంచి అది చూసి ఒక్క పరుగున ఇంటికి వచ్చి, పెదనాయన రాయి జరిపాడని నాయనకు చెప్పాను. "కళ్లారా చూసినా నాయనా" అని కూడా అన్నాను. నాయన పోయి చూస్తే రాయి చుట్టూ మట్టి కదిలి ఉంది, పక్కనే గుంత పూడ్చిన గుర్తు ఉంది. గట్టు నుంచి గట్టుకు అడుగులు కొలిచాడు. ఒకసారి రెండడుగులు తగ్గింది, ఇంకోసారి ఒక అడుగు పెరిగింది. పెరిగినప్పుడు తప్పు కొలిచానన్నాడు.

అంతే, ఆయన గొర్రు కోసం పోలేదు. కర్ర పట్టుకుని సాయంత్రం దాకా గట్టు మీద కాపలా కూర్చున్నాడు. ఒలిచిపెట్టిన విత్తనం మూటలు ఇంట్లో అలాగే ఉన్నాయి. అమ్మ రెండుసార్లు చెప్పి చూసింది.

రెండో రోజు పొద్దున మా మామ దిగాడు. అమ్మకు తమ్ముడు, హిందూపురంలో పిల్లలకు చరిత్ర చెప్పేవాడు. రాజీ కుదర్చడానికి అమ్మే కబురంపి ఉంటుందని నాయనకు అనుమానం, నాకు అంతకు రెండింతల అనుమానం. మామ మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. నెపోలియన్ అనే చక్రవర్తి గుర్రపు దళాలు చేసిన యుద్ధాలను బల్ల మీద పరిచి ఆడే ఆట ఒకటి పుస్తకంలో చదివానని చెప్పి, నన్ను పిలిచి, నడవలో ఉన్న బల్ల మీద దుప్పటి పరిచాడు. దుప్పటి కింద చేట బోర్లించి మిట్ట చేశాడు. సుద్దముక్కతో వాగులాగా వంక గీశాడు. దొరల పిల్లలు సీసపు బొమ్మలతో ఆడతారట. మాకు వేరుశనక్కాయలే గుర్రాలు. ఆయనకు పదహారు, నాకు పదహారు. నెపోలియన్ పక్షం నాది.

ఒకసారి దాడి చేసి వచ్చిన గుర్రం అలిసిపోతుంది కాబట్టి దాని తొక్క చిట్లగొట్టి పెట్టాలి. చిట్లిన కాయ మళ్లీ దాడికి పనికిరాదు. ఇద్దరి గుర్రాలు ఢీకొన్నప్పుడు నాలుగు గవ్వలు విసిరితే, వెల్లకిలా పడినవి ఎన్నో ఎదుటివాడి గుర్రాలు అన్ని చచ్చినట్టు. అసలు తిరకాసు ఇంకొకటి ఉంది. మామ మూడు టెంకాయ చిప్పలు బోర్లించాడు, మిట్ట మీద ఒకటి, వంక దగ్గర రెండు. వాటి కింద ఆయన గుర్రాలు దాచి ఉండవచ్చు, ఏమీ లేకపోనూ వచ్చు. నా గుర్రాన్ని ఒక్కదాన్ని పంపితే ఆయన చిప్ప ఎత్తి చూపించాలి. ఆ గుర్రం చస్తే చచ్చింది, సంగతి మాత్రం తెలుస్తుంది.

మధ్యలో చిప్పలు మారుస్తాడేమోనని నేను బొగ్గుతో వాటి మీద గుర్తులు పెట్టాను. మామ నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుతో నా అనుమానం ఇంకా పెరిగింది. మిట్ట మీది చిప్ప అన్నిటికంటే పెద్దది. ఆయన గుర్రాలన్నీ దాని కిందే ఉన్నాయని తేల్చేసుకుని, పది గుర్రాలను దాని ఎదుటే నిలబెట్టాను. ఆరింటిని మాత్రం వంక దగ్గర ఉంచాను. ఒక్క గుర్రాన్ని పంపి చూడడానికి నాకు మనసొప్పలేదు. మామ వంక దగ్గరి రెండు చిప్పలూ ఎత్తి, గుర్రాల్లో సగంతో నా ఆరింటి మీద పడ్డాడు. గవ్వలు ఆయన మాటే విన్నాయి. నా ఆరూ పోయినా, మిట్ట ముందున్న పదింటిని నేను కదిలించలేదు. కదిలిస్తే చిప్ప కింద నుంచి దూకుతాయని భయం. అలవని మిగతా సగంతో వెనక నుంచి వచ్చి వాటినీ చుట్టుముట్టాక మామ మిట్ట మీది చిప్ప ఎత్తాడు. దాని కింద ఏమీ లేదు.

"నువ్వు తీసేసినావు! మోసం!" అని ఏడుపు లంకించుకున్నాను.

"యాడ తీసినా పాపా? దాని కింద గుర్రాలుండాయని నేను చెప్పినానా? ఒక్కదాన్ని పంపింటే ఎత్తి చూపిస్తాంటి కదా."

తల తిప్పి చూస్తే గడపలో నాయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. చేతిలో కర్ర ఉంది, చూపు మాత్రం ఆ ఖాళీ చోటు మీదే ఉంది. ఆట పోయినందుకు ఏడుస్తున్నదాన్ని ఇంకొకందుకు ఏడవడం మొదలుపెట్టాను.

"నాయనా, పెదనాయన రాయి జరిపింది నేను చూడలేదు."

"మల్ల కళ్లారా చూసినా అంటివి?"

"గడ్డపారను చూసినా."

కొడతాడనుకున్నాను. కర్ర గోడకు ఆనించి, నా చెయ్యి పట్టుకుని పెదనాయన ఇంటికి నడిపించాడు. అక్కడ గొర్రు కడిగి అరుగు మీద పెట్టి ఉంది. పెదనాయన మమ్మల్ని చూస్తూనే లేచాడు.

"ఏమప్పా, పదును ఆరిపోతాంటే యాడ పోయినావు? నిన్నట్నుంచి చూస్తాండా నీ కోసరం."

"గట్టు కాడ గడ్డపారతో ఏం చేస్తాంటివన్నా?" నాయన నేరుగానే అడిగాడు.

"తుమ్మమోడు పెరికినా. పోయినేడు గొర్రు పన్ను ఇరిగింది ఆడనే కదా. ఈసారి నీకు అడ్డం లేకుండా గుంత గూడా పూడ్చినా. ఏం, ఎవురన్నా ఏమన్నా చెప్పినారా?"

ఆ గుంత మా చేని వైపే ఉంది. రాయి అక్కడి నుంచి జరిగిందంటే పెరగాల్సింది మా భూమే. అది మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా! నేను నాయన పంచె వెనక దాక్కున్నాను. ఆయన "ఎవురూ చెప్పలేదన్నా, ఊరికే అడిగినా" అని, వంగి గొర్రుకు కుంకుమ పెట్టాడు. నా పేరు ఆయన నోట ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. దెబ్బలు తిని ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదు.

మామ నా కోసం ఆడాడో, నాయన కోసం ఆడాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. ఊరికి పోయేటప్పుడు అడిగితే, చచ్చిన గుర్రాలు నాలుగు నా చేతిలో పోసి తినమన్నాడు.

ఆ మధ్యాహ్నమే విత్తడం మొదలైంది. చేనులో పల్లపు చెక్క అంతా చక్కగా మొలిచింది. మిట్ట చెక్కలో మాత్రం అప్పటికే పదును ఆరింది. పదకొండు సాళ్లలో ఒక్క మొక్క లేదు. కలుపుకు పోయినప్పుడల్లా ఆ పదకొండు సాళ్లూ దాటి పోవాల్సి వచ్చేది. నాయన వాటి వైపు చూసేవాడు, నా వైపు చూసేవాడు కాదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. అనుమానం తగ్గిందని చెప్తే అబద్ధమవుతుంది. కోడళ్లు గుసగుసలాడితే నా చెవి ఇప్పటికీ అటే పోతుంది. కానీ ఎవరి గురించైనా ఏదైనా నోటి చివరిదాకా వచ్చినప్పుడు, ముందు లేచి వాళ్ల ఇంటికి పోయి వాళ్లనే అడుగుతాను. మోకాళ్ల నొప్పితో అంత దూరం పోలేని రోజు, మొలవని ఆ పదకొండు సాళ్లను తలుచుకుని నోరు మూసుకుంటాను.