సర్కారు ఈగలు

హోసూరులో మాది కిరాణా అంగడి. బేరం లేని మధ్యాహ్నాల్లో మా నాన్న విసనకర్రతో బెల్లం మీద ఈగలు తోలుకుంటూ కూర్చునేవాడు. ఎమ్మెస్సీ చదివిన నాకు ఈగల మీద పరిశోధన చేసే ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజున ఆ విసనకర్ర నా చేతిలో పెట్టి, "దీనికి అంత దూరం పోయి సదవల్నా? ఈడే నేర్పించుంటానే" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అవి డెబ్బయిల చివరి రోజులు. సైన్సు మీద ఉన్న నమ్మకం నాకు దేవుడి మీద కూడా లేదు. మామిడికాయలో గుడ్లు పెట్టే పండు ఈగ మా శత్రువు. మగ ఈగలకు కిరణాలు పట్టించి, సంతానం లేకుండా చేసి తోటలో వదలాలి. వాటితో జతకట్టిన ఆడ ఈగ గుడ్లు పెట్టినా అందులోంచి పురుగు రాదు. ఇంత తేలికైన సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదే అని లోలోపల మురిసిపోయేవాణ్ణి.

ప్రయోగానికి వేప్పనపల్లి దగ్గర ఒక పెద్దాయన తోట దొరికింది. నా ఉపన్యాసమంతా ఓపికగా విని, "మొన్న మొగోళ్ళను పట్టుకపోయి ఆపరేషన్లు చేసిరే, అది ఇప్పుడు ఈగలకు వచ్చిందా సారూ?" అన్నాడు. అవునన్నాను. "పాపం" అన్నాడు.

ఆయన తోటలో కొమ్మకొమ్మకూ కొబ్బరి చిప్పలు వేలాడేవి. తులసాకు నూరి, పురుగుమందు కలిపి వాటిలో పోసేవాడు. ఆ వాసనకు మగ ఈగలు వచ్చి చచ్చేవి. మేం తెచ్చేవీ మగ ఈగలే!

"అవన్నీ విప్పేయండి. నేను వదిలేవి గవర్మెంటు ఈగలు. ఒక్కటి చచ్చినా మీదే పూచీ" అని గదమాయించాను. మా నాన్నకన్నా పెద్దవాడు. ఏడాది తిండి ఆ కాపు మీదే. అయినా నిచ్చెన వేసుకుని ఒక్కో చిప్పా విప్పాడు.

ఈగలు వదలడానికి మా పై అధికారి షామియానా వేయించాడు. కృష్ణగిరి నుంచి రావలసిన పెద్దలు ఆలస్యంగా వచ్చి తీరిగ్గా మాట్లాడారు. ఎండలో పెట్టిన పెట్టెలు చివరికి తెరిస్తే సగానికి పైగా ఈగలు చచ్చి పడున్నాయి. లేచిన నాలుగింటినీ చూసి అందరూ చప్పట్లు కొట్టారు.

కోతల వేళకు తోటకు వెళ్ళాను. పెద్దాయన ఒక పండు కోసి చూపించాడు. లోపల తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి. మరొకటి కోశాడు. అదీ అంతే. చెట్ల కింద రాలిన పండ్ల మీద ఈగలు ముసురుతున్నాయి.

"చిప్పలు మళ్ళీ కట్టుకోవాల్సింది కదా" అన్నాను నీరసంగా.

"యాడ కట్టేది సారూ? ఏది మీ ఈగో, ఏది మా ఈగో తెలీక, అన్నం మీద వాలినదాన్ని కూడా కొట్టలేదు మేము."

చేతిలోని పండు నా ముందుకు చాపాడు. అప్పటిదాకా సారూ అన్నవాడు మెల్లగా అడిగాడు: "నీ ఈగలకు బిడ్డలు పుట్టవంటివే అప్పా. మరి ఇవి ఎవురి బిడ్డలు?"

తిట్టినా బాగుండేది.

ఆఫీసుకు వచ్చి నివేదిక రాశాను. వాతావరణం అనుకూలించలేదు. ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. రైతు సంపూర్ణంగా సహకరించాడు.

అందులో ఆ చివరి మాటొక్కటే నిజం.