హుకుంపేట షెడ్డులో కొలిచిన హేమర్

విశాఖలో ఒక ఫోర్జింగ్ షాపులో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. కాల్చిన ఇనుముని సాగగొట్టే అక్కడి పవర్ హేమర్ల మోతకి నా ఎడమ చెవి పోయింది. రిటైరయ్యాక నా చదువుతో, నా పనితో ఎవరికీ అవసరం పడలేదు. అందుకే హుకుంపేట అవతల కొండ మీది ఊరి నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "బాబూ, పాత హేమర్ సైజు ఎంతో సూసి సెప్పాల. మీకు తెలుస్తాదంట కదా" అనగానే, మర్నాడు పొద్దున్నే బస్సెక్కేశాను.

ఆమె, ఆమె భర్త కొలిమి పెట్టుకుని బతుకుతున్న మనుషులు. పాత జీపుల కమాను పట్టీలు తెచ్చి, కాల్చి సాగగొట్టి, కత్తులూ గొడ్డళ్లూ నాగటి కర్రులూ చేసి డుంబ్రిగుడ సంతలో అమ్ముకునేవారు. మునుపు ఆయన సమ్మెట కొడితే ఆమె తిత్తి ఊదేది. ఘాటీలో జీపు బోల్తాపడి ఆయన కుడి భుజం విరిగాక, సమ్మెట ఆమె చేతికొచ్చింది. నేను చూసేనాటికి ఆమె మణికట్టు వాచిపోయి, గుడ్డ చుట్టి ఉంది. ఆ చేత్తోనే నాకు టీ గ్లాసు అందించింది.

హుకుంపేటలో ఒక రేకుల షెడ్డు ఉంది. ఎప్పుడో కొండ ఊళ్ల కమ్మర్లకి పని నేర్పడానికి ప్రభుత్వం వాళ్లు కట్టి, కొన్నాళ్లు నడిపి, తాళం వేసేశారు. లోపల ఒక పవర్ హేమర్ మిగిలింది. షెడ్డు ఖాళీ చేయాలనుకుంటున్నారని తెలిసి, ఆ హేమర్ తమకిమ్మని వీళ్లు దరఖాస్తు పెట్టుకున్నారు. రిజిస్టరులో దాని సైజు యాభై కిలోలని రాసి ఉంది. కానీ మిషన్ మీద పేరు పలక లేదు. తెలిసినవాడు చూసి సంతకం పెట్టాలన్నాడు అక్కడి అధికారి.

"యాబై కేజీలైతే మాకు సాల్తాది బాబూ," అన్నాడు ఆమె భర్త. "మా బావ పిండిమర మూసీసినాడు. ఐదు హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్ ఉండిపోనాది. దాంతో తిప్పుకుంతాం."

లెక్క సరిగ్గానే వేసుకున్నాడు. ఆ ఇంజిన్ యాభై కిలోల హేమర్‌ని లాగుతుంది.

షెడ్డు తాళం తీశారు. మిషన్ మీద గబ్బిలాల రెట్ట, తుప్పు. తలుపు దగ్గర నుంచే నాకు అనుమానం తగిలింది. హేమర్ సైజు అంటే మిషన్ ఎత్తు కాదు, మొత్తం బరువు కాదు. పైకి లేచి కింద పడే ఇనుప దిమ్మ బరువు. దీని దిమ్మ యాభై కిలోలదానికి మరీ లావుగా ఉంది.

వైర్ బ్రష్‌తో మిషన్ ఒళ్లంతా రుద్దాను. పక్క భాగంలో పోతలోనే వచ్చిన ఒక అంకె బయటపడింది: రెండు. పక్కన అరిగిపోయిన అక్షరాలు.

"రొండో నంబరు మిషనా బాబూ?" అందామె, నా కుడి వైపుకి వచ్చి.

టేపు తీసి దిమ్మ కొలిచాను. వెడల్పు పద్దెనిమిది సెంటీమీటర్లు, మందం పదహారు, ఎత్తు నలభై రెండు. పోత ఇనుము లెక్కన ఎనభై ఏడు కిలోలు. దిమ్మ అడుగున బిగించిన డై, అంటే ఇనుముకి తగిలే ముక్క, ఇంకో పదమూడు. మొత్తం నూరు. ఆ రెండు అంకె నంబరు కాదు, పాత ఇంగ్లీషు తూకంలో రెండు హండ్రెడ్‌వెయిట్లు. ఒక్కోటి యాభై కిలోల పైచిలుకు. రిజిస్టరు రాసినవాడు ఒక్కటే లెక్కేసి యాభై అని రాసుకున్నాడు. తప్పు కొలిచానేమోనని రెండోసారి కొలిచాను. అంతే వచ్చింది.

"ఇది వంద కిలోలదమ్మా," అన్నాను. "పది హార్స్‌పవర్ లేందే కదలదు."

ఆయన గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. ఆమె మాత్రం అధికారి వినకుండా నా చెవి దగ్గరికి వచ్చింది.

"యాబై అనే రాసీండి బాబూ. ఏటవుద్ది? మా తంటాలు మేం పడతాం."

"ఇంజిన్ లాగలేకపోతే బెల్టు తెగి మనుషుల మీదికి వస్తుందమ్మా. కింద దెబ్బ కాసే దాగలి దిమ్మే టన్ను పైన ఉంటుంది. మీ ఊరి గెడ్డ మీద నడిచి వెళ్లే వంతెనే ఉంది కదా. ఎలా దాటిస్తావు?"

నేను కాగితం మీద వంద అని రాసి సంతకం పెట్టాను.

అధికారి కాగితం తీసుకుని, "మిషన్ మొత్తం ఎంత తూగుతుంది సార్?" అని అడిగాడు. ఇరవై ఆరేళ్ల అలవాటు. ఆలోచించకుండానే, "రెండు టన్నులకి తగ్గదు," అనేశాను. అతను ఆ మాట కూడా రాసుకున్నాడు. ఎందుకు రాసుకుంటున్నాడో అడగాలని నాకు తోచలేదు.

మూడు వారాల తర్వాత ఆమె ఫోన్ చేసింది.

"లారీ వొచ్చి అట్టుకుపోనాది బాబూ. గ్యాసుతో ముక్కలు కోసీసినారు. రొండు టన్నుల పాత ఇనుమని ఏలం యేసీసినారంట."

నూరు కిలోల హేమర్ ఎక్కడైనా ఒక షాపులో ఇంకా పనికొచ్చేది. నేను చెప్పిన బరువే దాన్ని తుక్కు చేసింది. ఆ మాట ఆమెతో అనలేకపోయాను. చిన్న హేమర్ వెతికి పెడతానన్నాను. మాట కోసం అనలేదు. గాజువాకలో, విజయనగరంలో, నాకు తెలిసిన షాపులన్నీ తిరిగాను. కొన్ని మూతపడ్డాయి. కొన్నింట్లో హేమర్ ఉండిన చోట సిమెంటు గుంట మిగిలింది.

ఆ చలికాలం డుంబ్రిగుడ సంతకి వెళ్లాను, ఆమె ఉంటుందని. ఉంది. ముందు పరిచిన పట్టా మీద ఫ్యాక్టరీ కొడవళ్లు, రంగు పిడులవి, కట్టలుగా ఉన్నాయి. ఆమె చేసినవి ఒక్కటీ లేవు.

"ఇంకా దొరకలేదమ్మా. వెతుకుతున్నాను," అన్నాను.

"ఒగ్గీండి బాబూ. కొలిమి పీకీసినాం. ఆ జాగాలో మేకల్ని కడతన్నాం. మా ఆయన సింతపల్లి కాపీ తోటలో కాపలాకెల్లినాడు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

అంతలో ఒక ముసలి రైతు గోనెసంచీలోంచి విరిగిన నాగటి కర్రు తీసి ఆమె ముందు పెట్టాడు.

"నీ మొగుడు సేసిందే కదా. అతికీయ్, దుక్కి ఆగిపోనాది."

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని విరిగిన అంచు వేలితో తడిమి చూసింది. తిరిగి సంచీలో పెట్టేసింది.

"మేం సేత్తం నేదు నాయినా."

"మరెవులు సేత్తారు?"

"ఇటేపు ఎవులూ నేరు," అంది ఆమె.

ముసలాయన నా వైపు ఒకసారి చూసి, సంచీ భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.